అప్రియసత్యము – ఒంగోలు క్లౌ దొరగారి చరిత్రము

న్యాయస్థానములలో మెలగువారికి ఒక సంగతి చక్కగా తెలియును. సాక్షి తన లాభమునకు అనుకూలముగా చెప్పిన మాటను న్యాయాధిపతి జాగ్రత్తతో తూచి చూచును. తన ధనమునకు హాని కలుగునని యెరిగియు చెప్పిన మాటకు ఎక్కువ విలువ నిచ్చును. మృతులైనవారి మాటల విషయమున 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టము ఈ సూత్రమునే అంగీకరించెను. దాని స్థానమున 2023లో క్రొత్త చట్టము వచ్చినను ఈ సూత్రము మారలేదు. న్యాయవాదికి ఇది సాక్షిని తూచు తూనిక. ధర్మజీవనము కోరువానికి ఇదియే తన్ను తాను తూచుకొను తూనిక.

అప్రియసత్యము రెండు విధములు. ఇతరులకు అప్రియమైన సత్యమును పలుకుట యొకటి. తనకు అప్రియమైన సత్యమును అంగీకరించుట రెండవది. మొదటిదానికి పూనుకొనువారు సంస్కర్తలలో పలువురు గలరు. సభలలో దురాచారములను ఖండించి కరతాళధ్వనులు అందుకొనుట అంత కష్టము కాదు. తాను పెంచుకొనిన ఆశను, తాను ప్రకటించిన సిద్ధాంతమును, తనకు గౌరవము దెచ్చిపెట్టు స్నేహమును సత్యము నిమిత్తము విడుచుట మాత్రము మిక్కిలి కష్టము. మతబోధకులకు ఇది మరింత కష్టము. ఏలయన, తాము సత్యమును ముందే పొందితిమని నమ్మినవారు క్రొత్త సత్యము గుమ్మమున నిలిచినప్పుడు తలుపు తీయుటకు జంకుదురు.

ధర్మవరమునకును పెనుగొండకును నడుమ రైలుదారిపై నున్న మా కొత్తచెరువు వంటి గ్రామములలో నివసించువారికి ఈ విషయమై వేరు దృష్టాంత మక్కరలేదు. సాలుకు 22 అంగుళముల ప్రాంతమున మాత్రమే వాన గురియు ఈ మెట్టసీమలో చెరువు నిండిన యేడు అందరును ధర్మాత్ములే. చెరువు ఎండి అడుగు బయటపడిన యేట ఎవరి గాదెలో నేమున్నదో, ఎవరి మనసులో నేమున్నదో తెలిసిపోవును. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన ధాత కరవు అట్టి పరీక్షాకాలము. అప్పటికి మా సీమ బళ్లారి జిల్లాలో చేరియుండెను; అనంతపురము జిల్లా 1882లో గాని వేరుపడలేదు. మా సీమను అంతగా కాల్చిన ఆ కరవు తూర్పుతీరమును కూడ విడువలేదు. ఆ తీరమున, ఒంగోలు పట్టణమున, ఒక క్రైస్తవ బోధకుడు ఆ పరీక్షకు ఎట్లు నిలిచెనో చెప్పుటకే ఈ చిన్న చరిత్రము. ఆయన మతసిద్ధాంతము లన్నియు మనకు సమ్మతములు కావు. అయినను సత్యము నెదుట ఆయన తల వంచిన తీరు ఏ మతమువారికైనను నేర్వదగినది.

జాన్ ఎవెరెట్ క్లౌ 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికా సంయుక్తరాష్ట్రములలో, న్యూయార్కు రాష్ట్రపు పడమటి భాగమున జన్మించెను. తలిదండ్రులు వ్యవసాయ కుటుంబీకులు. ఆయన బాల్యముననే ఆ కుటుంబము పడమటి రాష్ట్రములకు తరలిపోయెను. యౌవనారంభమున ఆయన మిన్నెసోటా అరణ్యములలో ప్రభుత్వమువారి భూమికొలత బృందమున చేరి, గొలుసు మోయుపని మొదలుకొని ఆ విద్య నంతయు నేర్చెను. ఈ విద్య పిమ్మట ఆంధ్రదేశమున వేలమంది ప్రాణములు నిలుపుటకు పనికివచ్చునని అప్పు డెవరును ఊహించి యుండరు. 1857లో ఆయన అయోవా రాష్ట్రమున బర్లింగ్టను పట్టణపు విద్యాలయమున ప్రవేశించెను. న్యాయవాదియై, రాజకీయములలో పేరు గాంచవలెనని ఆయన కోరిక. కాని మరుసటి యేట ఆయన మనసు మారెను. 1858లో బాప్తిస్మము పొంది బాప్టిస్టు సంఘమున చేరెను. 1861లో హారియెట్ సండర్లండు అను కన్యను వివాహమాడెను.

ఆ సంఘమువారికి తెలుగుదేశమున నొక మిషను ఉండెను. సామ్యుయేలు డే అను బోధకుడు 1836లో ఈ తీరమునకు వచ్చి, 1840లో నెల్లూరున స్థిరపడెను. సంవత్సరములు గడచినను సంఘమున చేరినవారు వ్రేళ్లపై లెక్కించదగినంత మందియే. ఫలము లేని ఈ పొలమును విడిచివేయుదమా యని అమెరికాలోని అధికారులు 1853లో నొకసారి, 1862లో మరియొకసారి ఆలోచించిరి. లైమన్ జ్యూయెట్ అను బోధకుడు తా నొంటరిగానైనను తిరిగి పోయి తెలుగువారి నడుమనే మరణింతునని పట్టుపట్టగా వారు వెనుకకు తగ్గిరి. ఆయనకు తోడుగా పంపబడినవాడే క్లౌ. 1864వ సంవత్సరము నవంబరు మాసాంతమున బోస్టను రేవున ఓడ నెక్కిన క్లౌ దంపతులు 1865 ఏప్రిలులో చెన్నపట్టణమునకు, అచ్చటినుండి నెల్లూరునకు చేరిరి. 1866 సెప్టెంబరులో వారు ఒంగోలున కాపురము పెట్టిరి.

ఆ కాలపు బోధకులలో పలువురికి ఒక నమ్మకముండెను. అగ్రవర్ణములవారిని, విద్యావంతులను ముందుగా ఆకర్షించిన యెడల, మిట్టనుండి పల్లమునకు నీరు పారినట్లు మతము తక్కిన జనులకు తానే దిగునని వారు తలచిరి. 1830లో కలకత్తా నగరమున అలెగ్జాండరు డఫ్ దొర రామమోహనరాయల సహాయముతో స్థాపించిన ఆంగ్ల పాఠశాల ఈ నమ్మకమునకు పెట్టిన కోట. క్లౌ దొరకును ఇట్టి ఆశయే యుండెను. ఒంగోలులోని బ్రాహ్మణులును తక్కిన పెద్దలును ఆయనను ఆదరముతో చూచి, తమ బాలురకు పాఠశాల యొకటి కావలెనని కోరిరి. ఆయన సంతోషముతో ఒప్పుకొనెను. బాలురు వచ్చిరి, పెద్దలు మాటలాడుటకు వచ్చుచుండిరి. నెల్లూరున అన్ని సంవత్సరములుగా ఫలింపని పొలము ఇచ్చట ఫలించుచున్నదని ఆ యువకుడు తలచుటలో వింతలేదు.

ఇంతలో సత్యము ఆయన కోరని వేషమున, కోరని త్రోవను వచ్చెను. ఒంగోలునకు పడమట తాళ్లకొండపాడు అను గ్రామమున ఎర్రగుంట్ల పేరయ్య అను మాదిగ యుండెను. ఆయన తోలుపని చేసి జీవించువాడు. అయినను గురువుల నాశ్రయించి, యోగమార్గమున ఉపదేశము పొంది, పరమాత్మను వెదకుచుండిన జిజ్ఞాసువు. అక్షరాస్యతకును జిజ్ఞాసకును సంబంధము లేదని ఆయన జీవితము తెలుపుచున్నది. ఉత్తరమునకు పోయినప్పుడు ఆయన ఏలూరున చర్చి మిషను సంఘమునకు చెందిన అలెగ్జాండరు దొర బోధ వినెను. ఆ దొరయే, ఒంగోలునకు బోధకుడు రానున్నాడు, అచ్చటికి పొమ్మని చెప్పెను. పేరయ్యయు ఆయన భార్య నాగమ్మయు 1866లో జ్యూయెట్ దొరచేత బాప్తిస్మము పొందిరి. అటు పిమ్మట పేరయ్య ఊరూర తిరిగి తన బంధువులకు తాను కనుగొనిన దానిని చెప్పసాగెను. మాదిగలు ఒంగోలునకు దొరను వెదకుచు వచ్చిరి.

పట్టణమందలి పెద్దలకు ఈ సంగతి తెలిసెను. వారు మర్యాదతోనే వచ్చి, మాదిగలను చేర్చుకొనిన యెడల తాము గాని తమ బిడ్డలు గాని ఆయన గడప తొక్కజాలమని స్పష్టముగా చెప్పిరి. ఇది బెదిరింపు కాదు, వారి లోకమున ఉన్న మాటయే. క్లౌ దొర యెదుట రెండు మార్గము లుండెను. ఒక వైపున పాఠశాల, గౌరవము, విద్యావంతుల స్నేహము, అమెరికాలోని అధికారులకు వ్రాసి పంపదగిన మంచి వార్త. మరియొక వైపున ఊరిబయట గూడెమున నుండువారు, చదువు లేనివారు, ఎవరును కోరనివారు. మొదటిదానిని ఎన్నుకొనుటకు కావలసిన సమాధానములు ఎన్నియైనను గలవు. వీరిని కొంతకాలము ఆగుమనవచ్చును, వేరుచోట కూర్చుండుమనవచ్చును, పెద్దలు వచ్చిన పిమ్మట వీరిని పిలువవచ్చును. లోకమున ధర్మమును వాయిదా వేయువా రెల్లరును చెప్పు మాటలివి. వాయిదాల మహిమ న్యాయవాదులకంటె నెవరికి బాగుగా తెలియును?

ఆయన తన గదిలో నొంటరిగా కూర్చుండి, చేతికందిన గ్రంథమును తెరచి చూడగా, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలోని తొలి యధ్యాయము కనబడెను. లోకదృష్టిలో జ్ఞానులు, బలవంతులు, కులీనులు పిలువబడినవారిలో కొందరే యనియు, దేవుడు అల్పులనే యెన్నుకొనెననియు చెప్పు భాగమది. కొంతసేపటికి భార్యకు తన సందేహము తెలుపగా, ఆమెయు వేరు గదిలో అదే సందేహముతో అదే భాగమును తెరచి చదివినట్లు తెలిసెను. దీనిని కొందరు అద్భుతమందురు. మనకు అద్భుతముతో పనిలేదు. ఆ వాక్యము వారికి క్రొత్తది కాదు. చిన్ననాటినుండి క్రైస్తవు లెల్లరును వినునదే. క్రొత్త యేమనగా, విన్న వాక్యము తమకు నష్టము దెచ్చునప్పుడు కూడ అది సత్యమేయని ఆ దంపతులు ఒప్పుకొనుట. పెద్దలు తమ బాలురను తీసికొనిపోయిరి. పాఠశాల మూతపడెను. దొర గూడెమువారిని చేర్చుకొనెను.

1867వ సంవత్సరము జనవరి 1వ తేదీన ఎనమండుగురితో ఒంగోలు సంఘము స్థాపింపబడెను. అదే మాసమున క్లౌ దొర తాళ్లకొండపాడునకు పోయెను. చుట్టుపట్ల గ్రామములనుండి జనులు చల్దిమూటలతో వచ్చి, చెట్లక్రింద కూర్చుండి, అయిదు దినములు బోధ వినిరి. తుదకు 28 మంది బాప్తిస్మము పొందిరి. పేరయ్య ముందు నడచి త్రోవ చూపనిదే దొర ఆ గ్రామములకు చేరలేకుండెను. తెలుగుదేశమున ఈ సంఘమునకు పునాది వేసినవాడు ఎవడని యడిగినచో, పేరయ్య పేరును ముందుగా చెప్పుట న్యాయము. దొర చరిత్ర వ్రాయువారు ఈ మాటను మరచుట తరచు.

సంఘమున చేరినవారికి మూడు నియమములు విధింపబడెను. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు ఇవి చిన్న నియమములు. కాని ఆనాటి గ్రామవ్యవస్థ నెరిగినవారికి వీని బరువు తెలియును. మాదిగవాడు రైతునకు చెప్పులు కుట్టవలెను. కపిలకు తోలుబాన కుట్టి యియ్యవలెను. కరణము, మునసబు పిలిచినప్పుడు వెట్టికి పోవలెను. జాతరలో డప్పు కొట్టవలెను. కళ్లములో దొరకు కొలుచులును, చచ్చిన పశువును వాని జీతము. డప్పు కొట్టననుట దేవతను ధిక్కరించుట యని ఊరివారికి తోచెను. ఆదివారము పనికి రాననుట పొగరని తోచెను. కొట్టుటలు, పని మాన్పుటలు, బావులకు పోనీయకుండుటలు మొదలయ్యెను.

చదువరులు ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. నియమము పెట్టినవాడు బంగాళాలో నుండెను. దెబ్బలు తిన్నవాడు గూడెమున నుండెను. సత్యము మూల్యము ఒకరు నిర్ణయింపగా మరియొకరు చెల్లించిరి. దొర తన ప్రజల పక్షమున అధికారులతో వాదించి, వారికి అండగా నిలిచినమాట నిజమే. అయినను అప్రియసత్యమును నిజముగా ఆలింగనము చేసికొనిన ఘనత, ఆకలితో నున్నను చచ్చిన గొడ్డు మాంసమును ముట్టని ఆ పేదలదే.

1876లో వానలు తప్పెను. ధాత నామ సంవత్సరమున మొదలైన ఆ కరవులో దక్షిణదేశమున 50 లక్షలకు పైగా జనులు మరణించిరని చరిత్రకారుల అంచనా. పశువులు మొదట చచ్చెను. పిమ్మట మనుష్యులు త్రోవలపై పడి చచ్చిరి. ప్రభుత్వమువారు కరవుపనిగా బకింగుహాము కాలువను త్రవ్వించిరి. చెన్నపట్టణపు నీటిత్రోవను కృష్ణా కాలువలతో కలుపు పని యది. ఇట్టి పనులలో కూలివాని నిత్యభత్యమును ఒక పౌను ధాన్యమునకును కొద్దిపాటి రొక్కమునకును తగ్గించవచ్చునని సర్ రిచర్డు టెంపులు 1877లో నిర్ణయించెను. మనుష్యుడు ఎంత తక్కువతో బ్రతుకగలడో పరీక్షించినట్లు ఆ నిర్ణయము నేటికిని అపకీర్తి పాలగుచున్నది.

క్లౌ దొర సుమారు మూడున్నర మైళ్ల కాలువను తాను గుత్తకు తీసికొనెను. మిన్నెసోటా అడవులలో నేర్చిన కొలతవిద్య ఇప్పుడు పనికివచ్చెను. వేలమంది ఆ పనికి వచ్చి గుడిసెలు వేసికొనిరి. ఉపదేశకులే మేస్త్రీలైరి. పగలు మన్ను త్రవ్వుట, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట చెట్లక్రింద బోధ వినుట. విషూచి వ్యాపించినప్పుడు చచ్చినవారిని పూడ్చుటయు, బ్రతికినవారిని ఊరడించుటయు ఆ ఉపదేశకుల పనియే. కాలువ ముగిసిన పిమ్మట కూడ విత్తనములకు, తిండికి ధర్మపు సొమ్ము పంచు పని దొరపై పడెను.

ఇచ్చట రెండవ పరీక్ష వచ్చెను. కూలికి వచ్చినవారు వందలకొలది బాప్తిస్మము కోరిరి. అమెరికాలోని అధికారులకు సంఖ్యలు కావలెను, సంఖ్యలు చేతికందుచుండెను. క్లౌ దొర ఆ సంఖ్యలను నమ్మలేదు. ఆకలిగొన్నవాడు అన్నము పెట్టు చేతిని చూచి దేవుని పేరు పలుకుటలో తప్పులేదు. కాని ఆ పలుకును విశ్వాసమని వ్రాసికొనుట మాత్రము అసత్యము. కావున పని యున్నంతకాలము, ధర్మము పంచునంతకాలము, ఎవరికిని బాప్తిస్మము ఇయ్యరాదని ఆయన నిశ్చయించెను. సుమారు 15 మాసములు ఆ కట్టడి నిలిచెను. తన జీవితకార్యమునకు ఫలము కండ్లయెదుట కనబడుచుండగా దానిని కోయక, గింజయో పొల్లో తేలువరకు నిలుచుట ఎట్టి నిగ్రహమో వ్యవసాయ మెరిగినవారికి చెప్పనక్కరలేదు.

1878వ సంవత్సరము జూన్ మాసమున సహాయము ముగియవచ్చెను. తన ఉపదేశకులను, క్రైస్తవులను గుండ్లకమ్మ ఒడ్డున ఒంగోలునకు సుమారు పది మైళ్ల దూరమున నున్న వెల్లంపల్లికి రమ్మని దొర కబురంపెను. పిలువని జనులు కూడ వేలకొలది వచ్చిరి. తన చేత ఇక డబ్బు లేదనియు, ఇండ్లకు తిరిగి పోవలసినదనియు ఆయన వారితో చెప్పెను. వారు కదలలేదు. తమకు సహాయ మక్కరలేదనియు, కరవులో మరణించిన తమవారు ఈ నమ్మికతోనే మరణించిరనియు, తమ్మును చేర్చుకొనవలెననియు వేడుకొనిరి. ఆకలి తీర్చుటకు ఏమియు లేనిచోట ఇంకను నిలిచియున్నవారిని ఇక కాదనుట, ముందు ఔననుట యెంత తప్పో అంత తప్పని ఆయనకు తోచెను.

గ్రామగ్రామమువారిని వేరువేరుగా కూర్చుండబెట్టి, ఆ గ్రామము నెరిగిన ఉపదేశకులచేత ఒక్కొక్కరిని విచారింపజేసిరి. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మొత్తము 3,536 మంది గుండ్లకమ్మ నీటిలో బాప్తిస్మము పొందిరి. 3వ తేదీన ఆరుగురు తెలుగు ఉపదేశకులు ఇద్దరిద్దరుగా వంతులవారీని నీటిలో నిలిచి, ఉదయము, సాయంత్రము కలిపి సుమారు తొమ్మిది గంటలలో ఆ కార్యమును ముగించిరి. ఆ దినమున క్లౌ దొర తాను ఒక్కరికైనను బాప్తిస్మము ఇయ్యలేదు. ప్రపంచమంతటను ఆయన పేరుతో ప్రసిద్ధమైన ఆ కార్యము తెలుగువారి చేతులతో జరిగినది. ఆ సంవత్సరాంతమునకు ఒంగోలు సంఘమున 12,000 మందికి పైగా నుండిరి. మరికొన్ని సంవత్సరములకు ఆ సంఖ్య 20,000 దాటెను.

ఇంతటి కార్యము ఆక్షేపణ లేక జరుగునా? వీరు అన్నమునకై చేరిన క్రైస్తవులని లోకులనిరి. ఇన్నివేలమందిని ఇంత త్వరగా చేర్చుకొనుట విచారణకు తగినదని సొంతసంఘములోని వారును సందేహించిరి. కరవుపనివలన దొరపై కలిగిన కృతజ్ఞత ఈ ప్రవాహమునకు ఒక కారణము కాదనుట సత్యము కాదు. మనుష్యహృదయమున ఆకలిని, కృతజ్ఞతను, గౌరవము కోరుటను, దేవుని కోరుటను వేరువేరు పాత్రలలో పోసి కొలువ నెవరికిని శక్యము కాదు. క్లౌ దొర చేయగలిగిన దొక్కటియే: సందేహమునకు చోటున్నంతకాలము తాను ఆగుట. అది ఆయన చేసెను. కరవు ముగిసి, పంటలు పండి, కూలి దొరకిన పిమ్మటను ఆ సంఘము చెదరకుండుటయే ఆక్షేపణకు తగిన సమాధానము.

అయినను ఒక సత్యము ఆయనను ముదిమివరకు వెంటాడెను. గూడెములలో పూర్వమునుండి పెద్దలు, పంచాయతులు ఉండెను. క్లౌ దొర ఆ కట్టుబాటును చెరుపక, దాని మూలముననే సంఘమును నడపెను. దీనివలన గ్రామములు కుదురుగా నిలిచెను. కాని దీనివలననే కులము కూడ ఆ గడప దాటి లోపలికి వచ్చెను. ఒంగోలు ప్రాంతమున బాప్టిస్టు సంఘములు ఎక్కువగా మాదిగలవియు, గుంటూరు ప్రాంతమున లూథరను సంఘములు ఎక్కువగా మాలలవియు నయ్యెను. అగ్రవర్ణములవారు మాదిగలతో కూర్చుండమని 1866లో పలికిన మాటనే, గూడెములలో ఒకరినొకరు పలుకుచుండిరి. పెద్దల కులగర్వమును త్రోసివేయుటకు ఒక్క దినపు ధైర్యము చాలెను. పేదల కులభేదమును మాన్పుటకు ఒక జీవితకాలము చాలలేదు. క్రైస్తవ జీవితమున అన్నిటికంటె అప్రియమైన సత్యము తెలుగుదేశమున ఇదియే. ఆరాధనలో సోదరుడైనవాడు పెండ్లిలోను శ్మశానములోను అన్యుడుగా నుండుట.

ఆయన అంతరంగమునను మార్పు జరిగెను. వచ్చినప్పుడు ఆయన కఠినసిద్ధాంతము గల యువకుడు. తన మతమెరుగని జనులకు నరకము తప్పదని నమ్మి ఓడ నెక్కినవాడు. పేరయ్యవంటివారు, తన బోధకు ముందే దేవుని వెదకి కొంత కనుగొనినవారు, ఆ నమ్మకమును నెమ్మదిగా కరగించిరి. గూడెమున ఆకలిని, వెట్టిని, అవమానమును చూచిన పిమ్మట, ఆత్మరక్షణము వేరు, మనుష్యుని బ్రతుకు వేరని ఆయన చెప్పలేకపోయెను. హారియెట్ 1893లో మరణించెను. మరుసటి యేట ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్ అను విదుషిని వివాహమాడెను. ఆమె మాదిగల జీవితమును శ్రద్ధతో పరిశోధించి 1899లో గ్రంథము ప్రకటించెను. క్లౌ దొర 1910వ సంవత్సరము నవంబరులో అమెరికాలోని రాచెస్టరు నగరమున మరణించెను. ఆయన చెప్పగా ఆమె వ్రాసిన ఆయన చరిత్రము 1914లో వెలువడెను. తొలినాటి నమ్మకములలో వేనిని తాను మార్చుకొనవలసి వచ్చెనో ఆయన అందులో దాచక చెప్పెను. సాక్ష్యచట్టముతో పోల్చి చెప్పవలెనన్న, మృతుడు తన ప్రతిష్ఠకు వ్యతిరేకముగా చెప్పిన మాట యది. నమ్మదగినది.

ఈ చరిత్రమువలన మన మేమి నేర్వవలెను? క్లౌ దొర గుమ్మమున నిలిచినది మాదిగలు మాత్రమే కాదు. ఆ గుమ్మముననుండి వెడలిపోయినది మనవంటి విద్యావంతులు. ఈ కథలో మన పాత్ర యేదో గుర్తించుట మనకు అప్రియమే. దయగల పాఠశాలను కోరినవారు, మర్యాదగా మాటలాడినవారు, కొత్త విద్యను ప్రేమించినవారు, కాని ఎవరి ప్రక్కన కూర్చుండవలెనో తెలియగానే బిడ్డల చేయి పట్టుకొని లేచిపోయినవారు మన పూర్వులు. సంస్కరణమును ప్రేమించుట వేరు. అది వచ్చినప్పుడు ప్రక్కకు జరిగి చోటిచ్చుట వేరు.

రాజ్యాంగములోని 17వ అధికరణము 1950లో అంటరానితనమును రద్దు చేసెను. అదే సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హక్కులను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ హక్కు విస్తరింపబడెను గాని క్రైస్తవులకు విస్తరింపబడలేదు. ఆంధ్రదేశమున వారు వెనుకబడిన తరగతులలో లెక్కింపబడుదురు. దీనివలన ఆదివారమున ఒక మతము, కాగితముపై మరియొక మతము గలవారు మన గ్రామములలో నున్నారు. వారిని అసత్యవాదులని నిందించుట సులభము. సత్యము చెప్పిన పేదవానికి బిడ్డ చదువును, ఉద్యోగమును నష్టపరచు చట్టము తన్ను తాను ప్రశ్నించుకొనవలదా? క్రైస్తవమున కులము లేదని చట్టము పలుకుచున్నది. ఉన్నదని గూడెము సాక్ష్యము పలుకుచున్నది. ఈ రెంటిలో ఏది తన లాభమునకు విరుద్ధముగా పలుకబడిన సాక్ష్యమో న్యాయమెరిగినవారు ఆలోచింతురు గాక.

మా కొత్తచెరువు ప్రాంతమున ఎండకాలమున బావికడకు పోయినవారికి ఒక వింత కనబడును. నీరు నిండుగా నున్నప్పుడు గట్టున నిలిచినవాడు ఆకాశమును, తన ముఖమును మాత్రము చూచుకొనును. నీరు తగ్గినకొలది రాళ్లు, బురద, పడిపోయిన బిందెలు కానవచ్చును. ఊట ఎచ్చటనున్నదో కూడ అప్పుడే తెలియును. బురదను చూచి మొగము త్రిప్పుకొనువాడు ఊటను కనుగొనలేడు. దిగి పూడిక తీయువాడే నీరు త్రాగును. ఒంగోలు క్లౌ దొర మూడుమారులు దిగెను. గౌరవము నిచ్చు స్నేహితులను విడిచినప్పుడు ఒకసారి, కరవులో సంఖ్యలను నిరాకరించినప్పుడు ఒకసారి, తన తొలినాటి సిద్ధాంతమే కొరవడినదని ఒప్పుకొనినప్పుడు ఒకసారి. నాలుగవ పూడిక, కులమను పూడిక, తీయవలసియే యున్నది. అది ఆయన సంఘమువారికి మాత్రమే మిగిలిన పని కాదు.

సర్వజనులకు తండ్రియైన పరమేశ్వరుడు, ఇతరుల దోషములను చూచు దృష్టికంటె తమ దోషములను చూచు దృష్టిని చదువరుల కెల్లరకును ప్రసాదించును గాక.